గార కథ

"పళ్లు తోమడం చేతకాదేమిరా?" అంటూ మా అవ్వ ఇటుకపొడి పెట్టి రుద్దేది. చిగుళ్లు మండేవి, గార మాత్రం పోయేది కాదు. తప్పు అవ్వదీ కాదు, నాదీ కాదు, మా బావిది.

గార పళ్లు చూసి పెళ్లిసంబంధాలు వెనక్కి పోయిన ఇళ్లు మా కర్నూలు, కడప సీమలో కద్దు. పిల్ల బద్ధకస్తురాలనేవారు! అమెరికాలో కొలరాడో పళ్ల మీది ఇలాంటి మచ్చల్నే మెక్కే అనే దంతవైద్యుడు 1901 నుంచీ చూస్తూ వచ్చాడు. నీళ్లలోని ఫ్లోరైడే కారణమని తేలేసరికి 1931 అయింది. మన నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు సంగతి 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి గార్లు రాశారు. ఆ జిల్లా పక్కదే మార్కాపురం, 1970 దాకా కర్నూలు జిల్లాలోది. సరిహద్దు దాటితే నీళ్లు మారతాయా?

పన్ను చిగురు కింద తయారవుతున్నప్పుడే పడే మచ్చ అది. తోమితే ఏం లాభం? ఇటుకపొడికి పింగాణీ పొర అరిగి పళ్లు జివ్వుమనడం తప్ప!

చిక్కేమిటంటే గార అనే మాట ఒకటే, సరుకులు రెండు. రెండోది పాచి గట్టిపడి పంటి మొదట్లో పేరుకునేది. అది బ్రష్షుకు లొంగదు, డాక్టరు పనిముట్టుకే ఊడుతుంది. వదిలేస్తే చిగురు జారి, గట్టి పన్నే కదులుతుంది.

నలభై దాటాక గాని నేను ఆ కుర్చీ ఎక్కలేదు. డాక్టరు కింది పళ్ల వెనక గారంతా రాల్చాడు. ముందు పళ్లు చూసి, "ఇది మీ ఊరి నీళ్లది, దీన్ని రుద్దకండి. ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకోండి" అన్నాడు.

చెబుదామంటే అవ్వ లేదు.