ఆన్‌లైన్ వేలం వస్తువుల ప్యాకింగ్, పార్శిల్ (చెన్నై)

ఆన్‌లైన్ వేలంలో అమ్ముడైన వస్తువును దెబ్బతినకుండా కట్టి, కొన్నవారికి తపాలాలోనో కొరియర్‌లోనో పంపే పని ఇది. భారతదేశంలో ఈ తరహా అమ్మకాలకు 2000లో మొదలైన బాజీ డాట్ కామ్ దారి వేసింది. 2004లో ఈబే దాన్ని కొనుక్కుంది. ఈబే ఇండియా 2018లో మూతపడినా పాత నాణేలు, తపాలా బిళ్లలు, పుస్తకాలు ఇతర సైట్లలో వేలానికి వస్తూనే ఉన్నాయి.

చెన్నైలో వీటికి అసలు శత్రువు తేమ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో అట్టపెట్టె మెత్తబడుతుంది, వాడని తపాలా బిళ్ల వెనుక జిగురు కాగితానికి అంటుకుపోతుంది. అందుకే బిళ్లను పారదర్శకమైన చిన్న కవరులో ఉంచి, రెండు గట్టి అట్టముక్కల మధ్య పెట్టి, పాలిథిన్ చుట్టాకే పైకవరులో వేయాలి. సెల్లోటేపు బిళ్లకు తగిలితే దాని విలువ పోయినట్టే. పింగాణీ వస్తువైతే పెట్టెను ఊపి చూడాలి. లోపల కదలిక వినిపిస్తే మళ్లీ విప్పి కాగితం కూరాల్సిందే.

ఒకప్పుడు పార్శిల్‌ను గుడ్డలో కుట్టి, లక్కముద్ర వేసి పోస్టాఫీసుకు పట్టుకెళ్లేవారు. 1986లో వచ్చిన స్పీడ్ పోస్ట్ ఇప్పుడు నమ్మదగిన దారి. రసీదును దాచుకోవాలి, ఖరీదైన వస్తువుకు బీమా తప్పక చేయించాలి.

విదేశీ కొనుగోలుదారు దొరికినా, 1972 నాటి పురావస్తు, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణేలను, శిల్పాలను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు.