ఆఫ్రో జుట్టు: ఆటలు, చెమట, సంరక్షణ

ఆఫ్రికా మూలాలు గల ప్రజలకు పుట్టుకతో వచ్చే, చిన్న చిన్న చుట్టలుగా పెరిగే దట్టమైన జుట్టును ఆఫ్రో జుట్టు అంటారు. ఇది మన ప్రాంతాలకు పూర్తిగా పరాయి విషయం కాదు. ఉత్తర కన్నడ జిల్లాలోని ఎల్లాపుర, హళియాళ, ముండగోడు, అంకోలా తాలూకాలలో సిద్దీలు తరతరాలుగా నివసిస్తున్నారు. హైదరాబాదులోని ఏసీ గార్డ్స్ పేటకు ఆ పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వదళం వలన వచ్చింది. 1987లో భారత క్రీడా ప్రాధికార సంస్థ సిద్దీ బాలబాలికలను ఎంపిక చేసి క్రీడా శిక్షణ ప్రారంభించింది.

ఈ జుట్టును చూసి కొందరు "దువ్వుకోలేదా?" అని పిల్లలను వెక్కిరిస్తారు. అది అజ్ఞానం. కుదురే వంపుగా ఉండటం వలన వెంట్రుక మెలికలు తిరిగి పుడుతుంది. దానిని అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా గాక చదునుగా కనిపిస్తుంది. మాడులో ఊరే సహజమైన జిడ్డు ఆ మెలికల వెంట చివరి వరకు జారదు. అందుచేత వెంట్రుక త్వరగా పొడిబారి, ప్రతి మెలిక వద్దా తెగిపోయే ప్రమాదం ఉంటుంది. చూడటానికి గట్టిగా కనిపించినా నిజానికి ఇది అతి సుకుమారమైన జుట్టు.

వ్యాయామం చేసేవారికి ఇక్కడే చిక్కు. చెమట పడితే కడగాలి. తరచుగా షాంపూతో కడిగితే మరింత పొడిబారుతుంది. వేడి పరికరాలతో సాగదీసిన జుట్టు చెమటకు మళ్లీ ముడుచుకుంటుంది. ఈ శ్రమకు వెరచి వ్యాయామమే మానేసేవారున్నారు. అమెరికాలో 103 మంది నల్లజాతి మహిళలను ప్రశ్నించగా, దాదాపు 40 శాతం మంది జుట్టు కారణంగా వ్యాయామానికి దూరంగా ఉన్నామని చెప్పినట్లు 2012లో ఒక అధ్యయనం వెలువడింది. అంతకు ముందు 2011లోనే ఆ దేశపు సర్జన్ జనరల్ రెజీనా బెంజమిన్ ఈ విషయాన్ని బహిరంగంగా ప్రస్తావించారు. కేశాలంకరణ కోసం గుండె ఆరోగ్యాన్ని వదులుకోవడం ఎవరికైనా నష్టమే కదా!

సాధారణంగా వారానికి లేదా రెండు వారాలకు ఒకసారి షాంపూ చాలు. నడుమ రోజులలో చెమట పడితే మంచినీటితో తడిపి, కండిషనర్ రాసి కడిగివేయవచ్చు. కుంకుడుకాయ రసం ఉన్న కాస్త జిడ్డునూ లాగివేస్తుంది కనుక తరచుగా వాడరాదు. చిక్కు తీయవలసింది జుట్టు తడిగా, కండిషనర్‌తో జారుడుగా ఉన్నప్పుడే. వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుండి మొదలుపెట్టి కుదుళ్ల వైపు రావాలి. పొడి జుట్టును కుదుళ్ల నుండి లాగితే దువ్వెనకు గుప్పెడు వస్తుంది. నూనె పొడవునా, ముఖ్యంగా కొసలకు పట్టించాలి; మాడుపై మందంగా పూస్తే చుండ్రు పెరగవచ్చు. రాత్రి నూలు దిండు తేమను పీల్చుతుంది గనుక పట్టు లేదా శాటిన్ గుడ్డ చుట్టుకొని పడుకోవడం మేలు.

ఆడేటప్పుడు సన్నని జడలు సౌకర్యమే. అయితే అల్లినప్పుడు నొప్పి పుట్టినా, నుదుటి అంచున చిన్న పొక్కులు లేచినా అవి బిగువైనట్లే. వెంటనే వదులు చేయాలి. ఏళ్ల తరబడి బిగించి లాగితే కణతల వద్ద జుట్టు రాలిపోయి, కుదురు చచ్చి, మళ్లీ మొలవదు. ఈ ఒక్క హెచ్చరికను తల్లులు తేలికగా తీసుకోరాదు. అల్లిన జడలను రెండు మూడు నెలలకు మించి ఉంచకూడదు.

ఈత కొలనులోని క్లోరిన్ నీరు మరొక శత్రువు. దిగేముందు మంచినీటితో జుట్టును బాగా తడిపి కండిషనర్ రాస్తే క్లోరిన్ అంతగా ఇంకదు. బయటకు రాగానే కడిగివేయాలి. మామూలు ఈత టోపీలో ఈ జుట్టు ఇమడదు. ఇందుకోసం తయారైన 'సోల్ క్యాప్' అనే పెద్ద టోపీని టోక్యో ఒలింపిక్స్‌కు ముందు, 2021లో అంతర్జాతీయ ఈత సమాఖ్య నిరాకరించింది. తల సహజ ఆకారానికి అది అనుగుణంగా లేదన్నది వారి వాదన. విమర్శలు చెలరేగాయి. 2022 సెప్టెంబరులో అదే సమాఖ్య ఆ టోపీని పోటీలకు అనుమతించింది.