యెమీమా అనాలా, జెమీమా అనాలా?

డొంకూరు నుండి ఒక తండ్రి ఇటీవల మమ్మల్ని ఇలా అడిగారు: "అయ్యగారూ, పాపకు జెమీమా అని పేరు పెట్టాలనుకున్నాం. బైబిలు తీసి చూస్తే యెమీమా అని ఉంది. ఏది సరైనది?" ఇదే సందేహం మరికొందరికీ ఉండవచ్చు గనుక ఇక్కడ జవాబిస్తున్నాము.

మన సంఘాలలో మేరీలు, రూతులు, ఎస్తేరులు చాలామంది ఉన్నారు. యెమీమా మాత్రం అరుదు. బైబిలులో ఈ పేరు ఒక్కచోటే, యోబు 42:14లో కనబడుతుంది. శ్రమల తరువాత యోబుకు పుట్టిన ముగ్గురు కుమార్తెలలో ఆమె పెద్దది. 2025 అక్టోబరు 30న నవీ ముంబైలో జరిగిన మహిళల ప్రపంచకప్ సెమీఫైనల్‌లో ఆస్ట్రేలియాపై జెమీమా రోడ్రిగ్స్ 127 పరుగులు చేసి, ఔట్ కాకుండా జట్టును గెలిపించి, అందరి ఎదుట యేసుకు కృతజ్ఞత చెప్పింది. అప్పటినుండి ఈ పేరు క్రైస్తవేతరుల ఇళ్లలోనూ వినబడుతోంది.

ఇక పలుకుబడి సంగతి. హెబ్రీలో ఈ పేరు 'య' శబ్దంతో మొదలవుతుంది. మన తెలుగు బైబిలు దానినే అనుసరించింది. యెరూషలేము, యోసేపు, యోహాను కూడా అలాగే వచ్చాయి. ఇంగ్లీషులో 'జె' అక్షరం 'ఐ' నుండి ఆలస్యంగా విడివడింది. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలులో యేసు పేరు కూడా 'ఐ'తోనే మొదలైంది. నేడు ఇంగ్లీషువారు 'జెమైమా' అంటారు, మన దేశంలో 'జెమీమా' అంటున్నాము. డొంకూరు వారికి ఇది వింత కాకూడదు. ఇచ్ఛాపురం దాటితే ఒడియా విశ్వాసులు యేసును 'జీశు' అని పిలుస్తారు. ప్రభువు ఒక్కడే, పలుకు వేరు. కాబట్టి రెండూ సరైనవే. తెలుగులో రాసేటప్పుడు యెమీమా అంటే వాక్యానికి దగ్గరగా ఉంటుంది.

అయితే ఇంగ్లీషు అక్షరాలు మాత్రం ఒకే విధంగా ఉండాలి. చివర 'హెచ్' పెడతారో మానుతారో ముందే నిర్ణయించుకోండి. జననాన్ని 21 రోజులలో నమోదు చేయించాలి. అప్పటికి పేరు కుదరకపోతే ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్పించవచ్చు. 2023 అక్టోబరు 1 నుండి పుట్టిన పిల్లలకు బడిలోనూ పాస్‌పోర్టుకూ జనన ధ్రువపత్రమే ఆధారం.

పేరుకు అర్థం 'పావురము' అని కొందరు, 'పగలు' అని కొందరు పండితులు చెబుతారు. చెల్లెళ్లలో కెజీయా అంటే లవంగిపట్ట, కెరెంహప్పుకు అంటే కాటుక ఉంచే కొమ్ము. పక్షి, పరిమళం, కాటుక! బూడిదలో కూర్చున్న తండ్రి మళ్లీ ఆనందించాడని ఈ పేర్లే చెబుతున్నాయి.

అయితే ఆ తండ్రి పేర్లతో ఆగలేదు. యోబు ఏడుగురు కుమారుల పేర్లు గ్రంథంలో లేవు, కుమార్తెల పేర్లు ఉన్నాయి. తరువాతి వచనంలో, వారి సహోదరులతోపాటు వారికీ స్వాస్థ్యమిచ్చాడని ఉంది. సెలోపెహాదు కుమార్తెలకు స్వాస్థ్యం దొరికింది సోదరులు లేనందున. యోబు కుమార్తెలకు సోదరులు ఉండగానే దొరికింది.

మన ఉద్దానంలో సంగతి ఏమిటి? కొబ్బరితోట, జీడితోట పంపకానికి వచ్చేసరికి "ఆడపిల్లకు పెళ్లిలో ఇచ్చేశాం కదా" అనే మాట సంఘ పెద్దల నోటనే వింటున్నాము. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా చనిపోయిన క్రైస్తవుని ఆస్తిలో కొడుకులకూ కూతుళ్లకూ సమాన వాటా. చట్టం కంటే ఎంతో ముందే యోబు ఆ పని చేశాడు.

అందుచేత ఆ తండ్రికి మా జవాబు ఇది: అయ్యా, యెమీమా అని పిలవండి, జెమీమా అని పిలవండి, దేవుడు వింటాడు. కాని తోట పంచే రోజున కూడా ఆ పేరును గుర్తుంచుకోండి. యోబు పెట్టిన పేరు మీ బిడ్డకు పెడుతున్నారు గనుక, యోబు ఇచ్చిన వాటా కూడా ఆమెకు ఇవ్వండి. ప్రభువు మీ ఇంటిని ఆశీర్వదించును గాక.