బోరు నీళ్ళ మీద నేరం: జుట్టు రాలడం వెనక మన ఏరియా కథ

ఈ ఎపిసోడ్ మా ఇంట్లోంచే మొదలుపెడతా. మాది గిద్దలూరు దగ్గర పల్లె. నేను హైదరాబాద్‌లో కోడింగ్ చేసుకునే రోజుల్లో మా అక్క ఫోన్ చేస్తే ఒకటే మాట: "జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతోంది రా." అమ్మ, పక్కింటి అత్త, నేను, అందరం ఒకటే తీర్పు ఇచ్చేశాం. బోరు నీళ్ళు!

షాంపూ మార్చాం, నూనె మార్చాం, కుళాయికి ఫిల్టర్ పెట్టించాం. చూసిన డాక్టర్ కూడా "మీ వైపు నీళ్ళంతే కదమ్మా" అని విటమిన్ మాత్రలు రాశారు. అక్కకి నీరసం ఉంది, ఒళ్ళు బరువెక్కుతోంది, ఎండాకాలంలో కూడా చలి అంటోంది. వీటిని జుట్టుతో కలిపి ఎవ్వరం చూడలేదు. ఏడాదిన్నర తర్వాత ఇంకో డాక్టర్ రక్తపరీక్ష రాస్తే తేలింది. థైరాయిడ్ పనిచేయడం బాగా తగ్గిపోయింది.

మరి అందరం నీళ్ళనే ఎందుకు పట్టుకున్నాం? దానికో చరిత్ర ఉంది.

1930ల మొదట్లో మన దక్షిణాంధ్ర రైతులు ఒకటి గమనించారు. ఎద్దులు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోతున్నాయి. మనుషులకీ పళ్ళు గారపట్టి, నడుములు వంగిపోతున్నాయి. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు మీద ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. తాగే నీళ్ళలో ఫ్లోరైడే కారణమని చూపించారు. అప్పట్లో పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లావే. మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. 1970లో కొత్త జిల్లా చేసినప్పుడు ఇవన్నీ ఒక్కటయ్యాయి.

ఈ జబ్బు మొదట్లో అచ్చం కీళ్ళవాతంలా ఉంటుంది. అంటే తప్పు నీళ్ళది, పేరు వాతానిది. ఆ తప్పు దిద్దుకోవడానికి మన పెద్దవాళ్ళ నడుములు పోయాయి. అందుకే మనకి నీళ్ళంటే అంత కోపం. 1996లో వెలిగొండ ప్రాజెక్టుకి శంకుస్థాపన జరిగింది. కృష్ణా నీళ్ళ కోసం ఆ ఎదురుచూపు తరాలు దాటింది. ఆ కోపం న్యాయమైనదే.

కానీ మా అక్క విషయంలో కథ తిరగబడింది. ఈసారి తప్పు లోపలి జబ్బుది, పేరు నీళ్ళది!

పైగా ఇది కొత్త జబ్బు కూడా కాదు. 1873లో లండన్ డాక్టర్ విలియమ్ గల్ కొందరు ఆడవాళ్ళలో ఈ మందకొడితనం, ఉబ్బు గురించి రాశాడు. 1891లో జార్జ్ ముర్రే గొర్రె థైరాయిడ్ రసం ఇంజెక్షన్ ఇచ్చి ఒకామెని నిలబెట్టాడు. ఆమె ఆ తర్వాత 28 ఏళ్ళు బతికింది. ఇప్పుడు అదే హార్మోన్ రోజుకో చిన్న మాత్రగా దొరుకుతోంది.

ఉప్పునీళ్ళకి జుట్టు గరుకవుతుంది, చిట్లుతుంది, అది నిజం. కానీ కుదుళ్ళతో సహా గుప్పెడు గుప్పెడు ఊడుతుంటే లోపల చూడాలి. థైరాయిడ్ కావొచ్చు, ఐరన్ తక్కువ కావొచ్చు, పీసీఓఎస్ కావొచ్చు. టైఫాయిడో డెంగ్యూనో వచ్చినా, కాన్పయినా, రెండు మూడు నెలలకి జుట్టు రాలుతుంది. అది చాలావరకు తిరిగొస్తుంది. గుండ్రంగా మచ్చల్లా పోతే అది వేరే జబ్బు, చర్మం డాక్టర్ చూడాలి.

కాబట్టి డాక్టర్ దగ్గరికెళ్తే జుట్టు ఒక్కటే చెప్పకండి. నీరసం, బరువు, నెలసరి, ఈమధ్య వచ్చిన జ్వరం, అన్నీ చెప్పండి. టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ పరీక్షలు అవసరమా అని అడగండి. అడగడం తప్పు కాదు.

అలాగని నీళ్ళని వదిలేయమని కాదు. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటి ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు తాగకూడదు. కాచినా అది పోదు. నీళ్ళ పరీక్షా చేయిద్దాం, రక్త పరీక్షా చేయిద్దాం.

మందు మొదలుపెట్టిన కొన్ని నెలలకి అక్క వీడియో కాల్ చేసి పాపిట దగ్గర మొలుస్తున్న చిన్న వెంట్రుకలు చూపించింది. మీ ఇంట్లో కూడా ఒక అక్క ఇలాగే షాంపూలు మారుస్తుంటే ఈ ఎపిసోడ్ పంపండి. ఉంటా మరి.