లెక్కకు రాని గిన్నెలు

బొగ్గుగనుల చరిత్రను టన్నులలో వ్రాయుట మనకు అలవాటైనది. 1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గుజాడ కనుగొనుట, 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ త్రవ్వకపు హక్కులు సంపాదించుట, 1889లో త్రవ్వకములు మొదలగుట, 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో వెలయుట, 1960 ప్రాంతములందు రామగుండము గనులు తెరువబడి గోదావరి యొడ్డున గోదావరిఖని అను పట్టణము పొలముల నడుమ పుట్టుట, ఇవన్నియు గ్రంథస్థములైనవి. ఏ బొగ్గుబాయి ఎన్నడు మొదలైనదో, ఏ యేట నెంత బొగ్గు పైకి వచ్చినదో అడిగిన చెప్పువారున్నారు. కాని ఆ బాయిలో దిగిన మనిషి మొదటి షిఫ్టుకు ఏ గిన్నెలో సద్ది కట్టుకొనిపోయెను, అతని క్వార్టరులో బొగ్గుపొయ్యి ప్రక్కన ఏ యే సామాను ఉండెను, కందిలి ఏ గూటిలో నిలిచెను అని అడిగినచో ఏ దస్త్రమును బదులు పలుకదు.

కరీంనగర్, ఆదిలాబాదు, వరంగల్ జిల్లాల పల్లెలనుండియు, దూరదేశములనుండియు పని వెదకుకొనుచు ఈ సీమకు చేరినవారు తమ వెంట పొలములను తెచ్చుకొనలేరు, ఇండ్లను తెచ్చుకొనలేరు. ఒక సత్తు గంజు, రెండు తలెలు, ఇత్తడి చెంబు, చాట, పాత ట్రంకుపెట్టె, ఇంతమాత్రమే మూటకు ఎక్కును. వలసవచ్చినవాని చరిత్ర కొంతవరకు అతని గిన్నెల చరిత్రయే. అట్టి గిన్నెలను ఎదుట నుంచుకొని, జానెడు పలకమీదనో కాగితముమీదనో, మనిషి బొమ్మ లేకుండ, కథ లేకుండ, ఉన్నవి ఉన్నట్లు చిత్రించెడి కళ లోకమున నొకటి కలదు. చిత్రకారులు దానిని స్టిల్‌లైఫ్ అందురు. మనవారు కొందరు నిశ్చలచిత్రము అనుచున్నారు. ఆ కళకును బొగ్గునేలకును ఉన్న చుట్టరికము పైకి కనబడునంత తక్కువది కాదు.

కడపటి పంక్తిలోని కళ

1667లో ఫ్రెంచి రాజాస్థానపు చిత్రకళా పరిషత్తు పక్షమున ఆంద్రే ఫెలిబియన్ అను పండితుడు చిత్రములకు తరతమములు నిర్ణయించినాడు. పురాణేతిహాస ఘట్టములు చిత్రించువాడు అగ్రగణ్యుడు; ఆ తరువాత రూపచిత్రములు, జంతువులు, ప్రకృతిదృశ్యములు; పండ్లు, పాత్రలు మొదలైన కదలని వస్తువులను చిత్రించువాడు అందరికంటె దిగువ. రాజుల దేశమున రాజుల బొమ్మకు పీట దక్కుటలో వింత లేదు. అయినను ఆ పరిషత్తే 1728లో ఒక వడ్రంగి కుమారుని, జాన్ సిమెయాన్ షార్డాన్ అనువానిని, వంటయింటి బల్లమీది చేపను, పాత్రలను, పండ్లను చిత్రించిన పటములను చూచి సభ్యునిగా స్వీకరింపవలసివచ్చెను. 1734 ప్రాంతమున ఆతడు వేసిన రాగి నీళ్ళతొట్టి చిత్రము నేడు పారిస్ లూవ్ర్ ప్రదర్శనశాలలో కలదు. జానకు కొంచెము మించిన చెక్కపలక యది. దానిపై మూడుకాళ్ళ పీటమీద నిలిచిన రాగితొట్టి, దాని కొళాయి, ప్రక్కన బకెట్టు, కూజా తప్ప మరేమియు లేవు. ఇంటిలో నీరు నిలువచేసికొను పాత్రకు ఇంత గాంభీర్యమున్నదా యని చూచినవారు తెల్లబోవుదురు. మన ఇండ్లలోని రంజనుకును, ఇత్తడి బిందెకును ఆ గాంభీర్యము లేకపోలేదు. ఎదుట కూర్చుండి చూచినవారు తక్కువ.

గనినుండి గంపెడు ఉర్లగడ్డల దాక

ఈ కళకు బొగ్గునేలతో గల సంబంధము వెదకువారు బెల్జియం దేశపు బోరినాజ్ సీమకు పోవలెను. 1878 డిసెంబరులో విన్సెంట్ వాన్‌గో అను ఇరువదియైదేండ్ల డచ్చి యువకుడు గనిపనివారికి మతబోధ చేయుటకై అచటికి చేరినాడు. వాస్మ్ గ్రామమున నుండి, 1879 వసంతములో మార్కాస్ గనిలోనికి దిగి, భూమి కడుపులో మనుష్యులు పనిచేయు తీరు కన్నులార చూచినాడు. తన బట్టలను, వస్తువులను బీదలకు పంచిపెట్టి, తానును వారివలెనే బ్రదుకబూనినందున బోధకసంఘమువారు ఆతని కొలువును పొడిగింపలేదు. దిక్కుతోచని ఆ దినములలో, సమీపమున కేమ్ అను గనిగ్రామమున నుండగా, 1880లో ఆతడు చిత్రకారుడు కావలెనని నిశ్చయించుకొన్నాడు. లోకప్రసిద్ధమైన ఆ చిత్రకళకు మొదటి పాఠశాల బొగ్గునేల యని చెప్పుట అతిశయోక్తి కాదు. ఉదయమున మంచులో గనికి నడచిపోవు స్త్రీపురుషులే ఆతని తొలి రేఖాచిత్రములు.

అయిదేండ్లకు, హాలండులోని న్యూనెన్ పల్లెలో, రైతుకుటుంబము దీపము క్రింద కూడి ఉర్లగడ్డలు తినుచున్న సుప్రసిద్ధ చిత్రమును 1885 వేసవికి ముందు పూర్తిచేసినాడు. ఆ యేటి శరత్తున ఊరి మతగురువు, ఈ చిత్రకారుని ఎదుట ఎవ్వరును కూర్చుండరాదని తన మందిని హెచ్చరించెను. మనుష్యులు దొరకకపోగా వాన్‌గో వారి వస్తువులవైపు తిరిగినాడు. మట్టికుండలు, సీసాలు, గంపెడు ఉర్లగడ్డలు, పక్షిగూళ్ళు మసకవన్నెలలో వరుసగా వెలువడినవి. ఆ గంపల చిత్రములు చూచినవారికి ఒక సంగతి తట్టక మానదు: ఆ ఉర్లగడ్డలు త్రవ్వినవాని చేతులు పటములో లేవు, అయినను ఉన్నవి. మనిషిని తొలగించినంత మాత్రమున శ్రమ తొలగిపోలేదు. అది వస్తువును అంటిపెట్టుకొనియే యున్నది. 1888లో ఆర్ల్ పట్టణమున తన క్రొత్త కాపురమునకు కొన్న నీలి ఎనామిలు కాఫీపాత్రను, కప్పులను చిత్రించినప్పుడును, గడ్డి అల్లిన కుర్చీమీద చుట్టగొట్టమును పొగాకును ఉంచి చిత్రించినప్పుడును ఆతడు బోరినాజ్‌లో నేర్చిన పాఠమునే వెలుగురంగులలో చెప్పినాడని నా నమ్మకము.

గనిపనివారే కుంచె పట్టిన ఉదాహరణ ఇంగ్లండులో కలదు. 1934లో నార్తంబర్లండు సీమలోని ఆషింగ్టన్ అను గనిపట్టణమున కార్మిక విద్యాసంఘమువారు చిత్రకళను గూర్చిన ఉపన్యాసములు ఏర్పాటుచేయగా, బోధించుటకు వచ్చిన రాబర్ట్ లయన్ ఇటలీ మహాకృతుల గాజుపలకలు చూపి లాభములేదని గ్రహించి, మీరే గీయుడని వారిచేత పని మొదలుపెట్టించినాడు. ఒక్కొక్కవారమునకు ఒక్కొక్క విషయము. తాము ఎరిగినది గీయవలెను. ఆలివర్ కిల్‌బర్న్ మొదలగువారు గనిలోపలి పనిని, తోటలను, పావురపు గూళ్ళను, ఇంటిముంగిళ్ళను చిత్రించిరి. ఆ పటములు ఇప్పుడు వుడ్‌హార్న్ గనిలోనే ఏర్పడిన ప్రదర్శనశాలలో నున్నవి. ఆ గనులు మూతపడినవి. అచటి బ్రదుకు ఎట్లుండెనో తెలిసికొనగోరువారు నేడు ఉత్పత్తి పట్టికలను విడిచి ఆ పటములయొద్దకే పోవుచున్నారు.

మన నేలమీద

మన దేశమునకు ఈ కళ ప్రభుత్వ చిత్రకళాశాలల ద్వారమున వచ్చినది. 1850లో మదరాసున, 1857లో బొంబాయిన వెలసిన ఆ పాఠశాలలలో వస్తువులను ఎదుటనుంచి గీయించుట ఒక శిక్షణ. ఆ మార్గముననే బొంబాయి జె.జె. పాఠశాలనుండి వెలువడిన దామెర్ల రామారావు (1897–1925) మనసు మానవరూపములమీదను, ప్రకృతిమీదను లగ్నమైనది. కరీంనగర్ జిల్లా అన్నారము గ్రామమున 1915లో పుట్టిన పాకాల తిరుమలరెడ్డి, లోకమున పి.టి. రెడ్డి అని ప్రసిద్ధుడు, ఆ పాఠశాలయందే చదివి, 1940ల తొలినాళ్ళలో బొంబాయి యువచిత్రకారులతో కూడి కొత్త త్రోవలు తొక్కినాడు. ఐరోపా నవ్యచిత్రకారుల ప్రభావము ఆయన తొలికృతులలో స్పష్టము. సింగరేణి గ్రామము నెలవైన ఖమ్మము జిల్లాలో, మధిరయందు 1940లో పుట్టిన సూర్యప్రకాశ్ మరియొక అడుగు వేసి, 1960లలో పారవేసిన మోటారుబండ్ల తుక్కును, తుప్పుపట్టిన ఇనుమును తన చిత్రములకు వస్తువు చేసికొన్నాడు. యంత్రయుగపు నిశ్చలచిత్రమన్న అదియే. పాడుబడిన ఇనుమును అంత ఓర్పుతో చూచినవాడు తెలుగునాట అరుదు.

ప్రదర్శనశాలలకు వెలుపల ఈ కళ మనయింట మరియొక రూపమున బ్రదికియున్నది. నిర్మల్ నకాషీలు పొణికికర్రను చెక్కి, చింతగింజల జిగురుతో మెత్తి, రంగులద్ది చేయు మామిడిపండ్లు, వంకాయలు, సీతాఫలములు చెక్కతో చేసిన నిశ్చలచిత్రములు కావా? ఏటికొప్పాక అంకుడుకర్రతో చేసిన లక్కపిడతలలో వంటయిల్లంతయు బిడ్డ దోసిలిలో ఇమిడిపోవును. ఇక పాఠశాలలలో డ్రాయింగు లోయర్, హయ్యర్ పరీక్షలకు కూర్చుండిన తరములన్నియు బల్లమీది బకెట్టును, చెంబును, పుస్తకమును మోడల్ డ్రాయింగు పేర గీసినవే. పరీక్ష ముగియగనే ఆ చెంబు మరల చెంబైపోవుట మన దురదృష్టము.

నలుపులోని రంగులు

బొగ్గుసీమవారు ఈ కళకు పరాయివారు కారనుటకు రసాయనశాస్త్రమును సాక్ష్యము పలుకును. 1856లో విలియం పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల ఆంగ్ల విద్యార్థి బొగ్గుతారునుండి లభించు ద్రవ్యముతో ప్రయోగము చేయుచు ఊదారంగు నొకదానిని కనుగొన్నాడు. 1868లో గ్రేబె, లీబర్‌మాన్ అను జర్మను శాస్త్రజ్ఞులు బొగ్గుతారునుండియే అలిజరిన్ అను ఎఱ్ఱదనమును సృష్టించిరి. అంతకుపూర్వము ఆ ఎఱ్ఱదనము మంజిష్ఠవేరునుండియు, మన మచిలీపట్టణపు కలంకారీ అద్దకములలో చిరివేరునుండియు వచ్చెడిది. తారురంగు చౌకగా రాగానే చిరివేరు త్రవ్వువారి బ్రదుకు తెరువు క్షీణించెను. నేటికిని నీటిరంగుల పెట్టెలో అలిజరిన్ క్రిమ్సన్ అను పేరుగల ఎఱ్ఱబిళ్ళ ఆ తారురంగునుండి వచ్చినదే. వాన్‌డైక్ బ్రౌన్ అను గోధుమవన్నెకు మూలము లిగ్నైటు, అనగా పచ్చిబొగ్గు. చిత్రకారుని పెట్టెలో గని యొకటి దాగియున్నదన్నమాట.

చిత్రింపబూనినవానికి ఈ సీమ వస్తువులు మంచి గురువులు. చెంబుమూతి కంటిమట్టమునకు దగ్గరైన కొలది సన్ననగును, అడుగు అంతకంటె గుండ్రముగా కనబడును. అడుగును తిన్నని గీతగా గీసినచో చెంబు బల్లమీద నిలువదు. సత్తుగిన్నెకు సొంత వన్నె యనునది దాదాపు లేదు. ప్రక్కనున్న ఎఱ్ఱగచ్చును, నీలిగోడను, పట్టుకొన్న చీరకొంగును అది అప్పుతెచ్చుకొనును. ఇత్తడిలో మిక్కిలి వెలుగు, మిక్కిలి చీకటి ఒకదాని నొకటి రాచుకొని యుండును. ఇక బొగ్గుపెళ్ల: నల్లరంగు గొట్టమునుండి తీసి పూసిన అది కాగితములో బెజ్జమువలె కనబడును. మన గోదావరి లోయ బొగ్గులో మెఱయు పొరలు, మెఱయని పొరలు ఒకదానిమీద నొకటి యుండును. క్రొత్తగా విరిగిన ముఖమున నింగినీలిమ తోచును. అల్ట్రామెరైన్ నీలమును, బర్న్ట్ అంబరు గోధుమను కలిపి ఆ నలుపును వండుకొనవలెను. ఇటలీలోని బొలోనియా పట్టణమున జార్జియో మొరాండి (1890–1964) తన గదిలోని సీసాలమీద ధూళిని తుడువనీయక, ఆ ధూళి తెచ్చిన మెత్తదనమును చిత్రించెడివాడు. గోదావరిఖనిలో ఆ ధూళి అడుగకయే వచ్చి వాలును. మెత్తదనముతోపాటు దగ్గును తెచ్చును గనుక ఇచటి ఇల్లాలు దానిని తుడువక మానదు. ఆ తుడుపును, ఆ ధూళిని రెంటిని చూపగలిగిన పటము మొరాండి వేయలేదు; అది ఇచటివారే వేయవలసినది.

పోవుచున్న వస్తువులు

తట్టా చెమ్మస్ (గంప, పార) పట్టి బొగ్గు నింపిన తరము వృద్ధమైనది. బొగ్గు నెత్తిపోయు ఎస్‌డీఎల్ యంత్రములు, ఓపెన్‌కాస్టు గనులు ఆ పనిముట్లను మూలకు నెట్టినవి. బొగ్గుపొయ్యి పోయి గ్యాసుపొయ్యి వచ్చినది, కందిలి పోయినది, సత్తుగంజు స్టీలుకు చోటిచ్చినది. క్వార్టరులో పుట్టిన మనుమలు హైదరాబాదుకు పోవునప్పుడు ఈ సామాను పాతసామానువాని తక్కెడలో పడును. అట్లు పోవుటకు ముందే వాని రూపమును నిలుపుకొనుటకు పెద్ద చిత్రశాల అక్కరలేదు. కిటికీ ఒకటి, దానినుండి ఒకేవైపున పడు వెలుగు, రంగుపెట్టె, ఎనిమిదంగుళముల కాగితము, ఒక సెలవుదినపు ఉదయము చాలును.

దానికి పద్ధతి కూడ గోదావరిఖని యున్న పెద్దపల్లి జిల్లాలోనే దొరకును. ధూళికట్టలోని శాతవాహనకాలపు కోటను, బౌద్ధస్తూపమును 1970లలో త్రవ్వినప్పుడు వెలువడిన కుండపెంకులను పురావస్తువేత్తలు ఒక్కొక్కటిగా కొలిచి, గీసి, దొరికిన చోటు వ్రాసి భద్రపరచుట చూచినవారికి తెలియును: రెండువేల యేండ్లకు రాజుకంటె అతని ప్రజల కూటికుండయే ఎక్కువ కథలు చెప్పును. ఆ నియమమునే మన బడులలోని డ్రాయింగు మాస్టర్లు చేపట్టి, ప్రతి పిల్లవానిచేత తన యింటి పాతవస్తువు నొకదానిని చిత్రింపజేసి, కాగితము వెనుక దాని పేరు, అది ఏ యింటిది, ఎవరు ఏ బాయిలో ఏ పనికి వాడిరి, ఎన్నడు కొనిరి అని తాతలను, నాయనమ్మలను అడిగి వ్రాయించినచో, పదేండ్లలో ఈ సీమకు టన్నుల లెక్కతో సరితూగు రెండవ చరిత్ర సిద్ధమగును. దానిని వ్రాయుటకు కంపెనీ అనుమతి గాని, పండితుల పీఠిక గాని అవసరము లేదు. గిన్నె ఇంటనుండగనే మొదలుపెట్టుట ఒక్కటే అవసరము.