బాత్‌రూమ్‌లో సబ్బు పొర, తెల్ల మరకలు: ఎందుకు వస్తాయి? ఎలా పోగొట్టాలి?

పండుగ దగ్గర పడిందంటే ఇంట్లో బూజులు దులపడం, పరదాలు ఉతకడం, కిచెన్ సర్దడం అన్నీ చకచకా అయిపోతాయి. బాత్‌రూమ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పని ఆగిపోతుంది. టైల్స్ మీద బూడిద రంగు పొర, నల్లా చుట్టూ తెల్లటి గడ్డలు, బకెట్ లోపల గీత గీసినట్టు సున్నం, వుజూ చేసే చోట జారుడు. ఎంత రుద్దినా పోవు. చివరికి ఎవరో ఒకరు యాసిడ్ సీసా తెస్తారు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

ఈ మరకలు ఎలా వస్తాయో తెలిస్తే యాసిడ్ అవసరం చాలా ఇళ్లలో పడదు.

మరక ఎలా తయారవుతుంది?

ఇవి రెండు రకాలు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటాయి. వాటినే ఉప్పు నీళ్లు, గడుసు నీళ్లు అంటాం. నీళ్లు ఆరిపోయాక ఆ ఖనిజాలు అక్కడే మిగిలిపోయి గట్టి తెల్ల మరక అవుతాయి. ఇది మొదటి రకం.

రెండోది సబ్బు పొర. సబ్బు నూనెలు, కొవ్వుల నుంచి తయారవుతుంది. అది గడుసు నీళ్లలోని కాల్షియంతో కలిస్తే నీళ్లలో కరగని జిగురు పదార్థం ఏర్పడుతుంది. ఒంటి మురికి, నూనె కూడా తోడై గోడకు, నేలకు అంటుకుంటుంది. అందుకే వట్టి నీళ్లు కొట్టినా అది కదలదు. ఇంకా సబ్బు వేసి రుద్దితే పొర తగ్గదు సరికదా, కొంచెం పెరుగుతుంది.

తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు ప్రకారం నీటి గడుసుదనం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 600 వరకు ఒప్పుకుంటారు. తెలంగాణ, ఆంధ్రలో చాలా బోర్ల నీళ్లు గడుసుగానే ఉంటాయి. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చే ఇళ్లలో ఈ బాధ సాధారణంగా తక్కువ.

మీ నీళ్లు ఎలాంటివో ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒక సీసాలో సగం నీళ్లు పోసి, స్నానం సబ్బు చిన్న ముక్క గీరి వేసి బాగా కుదపండి. నురుగు బాగా వచ్చి కింద నీళ్లు తేటగా ఉంటే మంచి నీళ్లు. నురుగు రాకుండా నీళ్లు పాలలా తెల్లబడితే గడుసు నీళ్లు. ఈ పరీక్షకు డిటర్జెంట్ పొడి పనికిరాదు, స్నానం సబ్బే వాడాలి.

ఏం కావాలి?

వంటింట్లోని సిర్కా, అంటే వెనిగర్. అది లేకపోతే కిరాణా దుకాణంలో దొరికే నిమ్మ ఉప్పు. గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తటి స్క్రబ్బర్, పాత టూత్‌బ్రష్, రబ్బరు గ్లౌజులు. సిర్కాలోని పులుపు కాల్షియాన్ని విడదీస్తుంది, గిన్నెల లిక్విడ్ జిడ్డును లాగుతుంది. సబ్బు పొరలో రెండూ ఉంటాయి కాబట్టి రెండూ కలిపి వాడితేనే పని అవుతుంది.

టైల్స్, గ్లాసు తలుపు

1. కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి.
2. ముందు గోడలను మామూలు నీళ్లతో తడపండి. టైల్స్ సందుల్లో ఉండేది సిమెంటు. పొడిగా ఉంటే పులుపును ఎక్కువ పీల్చుకుని పాడవుతుంది.
3. సిర్కా, గోరువెచ్చని నీళ్లు సమంగా కలిపి, ఒక చెంచా గిన్నెల లిక్విడ్ వేసి స్ప్రే సీసాలో పోయండి. నిమ్మ ఉప్పు అయితే లీటరు వేడినీళ్లకు రెండు మూడు పెద్ద చెంచాలు చాలు.
4. చల్లి పదిహేను ఇరవై నిమిషాలు వదిలేయండి. ఆరిపోతుంటే మళ్లీ చల్లండి.
5. పైనుంచి కిందికి రుద్ది, నీళ్లతో బాగా కడిగి, వైపర్‌తో లాగేయండి.

ఏళ్ల తరబడి పేరుకున్న పొర ఒక్కసారికి పోదు. గట్టిగా గీకే బదులు రెండు మూడు రోజులు ఇదే మళ్లీ చేయండి.

సిర్కాలో వంటసోడా కలిపితే బుస్సున పొంగుతుంది. చూడటానికి బాగుంటుంది గానీ, రెండూ ఒకదాని శక్తిని ఒకటి తినేస్తాయి. సోడా వాడాలంటే సిర్కా కడిగేశాక తడి గుడ్డ మీద వేసి విడిగా రుద్దండి.

నల్లా, షవర్, బాత్‌టబ్

షవర్ రంధ్రాలు మూసుకుపోతే ఒక ప్లాస్టిక్ సంచిలో సిర్కా పోసి, షవర్ తల అందులో మునిగేలా రబ్బరు బ్యాండుతో కట్టండి. అరగంట నుంచి గంట తర్వాత తీసి, బ్రష్‌తో రుద్ది, వేడినీళ్లు వదలండి. నల్లాకు సిర్కాలో ముంచిన గుడ్డ చుడితే సరిపోతుంది. బంగారు రంగు, నలుపు రంగు పూత ఉన్న నల్లాలకు పులుపు పెట్టకండి.

మన ఇళ్లలో బాత్‌టబ్ తక్కువ. గల్ఫ్‌లో అద్దె ఫ్లాట్లలో ఉండేవాళ్లకు మాత్రం ఇది మామూలే. యాక్రిలిక్ టబ్ మీద స్టీలు పీచు, గరుకు పొడి వాడితే గీతలు పడతాయి. ఆ గీతల్లోనే మళ్లీ మురికి చేరుతుంది. పైన చెప్పిన స్ప్రే, మెత్తటి స్పాంజి చాలు. ఎనామిల్ టబ్‌కు గిన్నెల లిక్విడ్, గోరువెచ్చని నీళ్లే మేలు.

ఈ రాళ్ల జోలికి పోవద్దు

షాబాద్ బండలు, తాండూరు బండలు, కడప బండలు సున్నపు రాయి జాతివి. పాలరాయి కూడా అంతే. పులుపు తగిలితే రాయే కరుగుతుంది, మెరుపు పోతుంది, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. పాత ఇళ్లలో వుజూ చేసే చోట ఈ బండలే ఉంటాయి. వాటి మీద సిర్కా, నిమ్మ ఉప్పు, యాసిడ్ ఏవీ వద్దు. గిన్నెల లిక్విడ్, వేడినీళ్లు, నారబ్రష్‌తోనే కడగండి.

ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు

యాసిడ్, బ్లీచింగ్ రెండూ ఎప్పుడూ కలపకూడదు. కలిస్తే క్లోరిన్ విషవాయువు వస్తుంది. టాయిలెట్ కడిగే చాలా లిక్విడ్లలో ఉండేది యాసిడే. సిర్కా, నిమ్మ ఉప్పు బ్లీచింగ్‌తో కలిసినా ఇదే ప్రమాదం. కిటికీ మూసిన చిన్న బాత్‌రూమ్‌లో ఊపిరి ఆడకపోవడానికి కొద్ది గ్యాస్ చాలు. ఆస్తమా ఉన్నవాళ్లకు, పిల్లలకు, పెద్దవాళ్లకు ఇంకా ముప్పు.

ఘాటైన వాసన వచ్చి దగ్గు, కళ్లమంట మొదలైతే సీసాలు సర్దుతూ ఉండకండి. వెంటనే బయటి గాలిలోకి వచ్చేయండి. ఊపిరి ఇబ్బంది ఉంటే 108కి ఫోన్ చేయండి. యాసిడ్ ఒంటి మీద, కంట్లో పడితే కనీసం ఇరవై నిమిషాలు ధారగా నీళ్లు పోసి, ఆస్పత్రికి వెళ్లండి.

యాసిడ్‌ను నీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో పోసి దాచే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. పిల్లలు మంచినీళ్లనుకుని తాగేస్తారు. 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం 18 ఏళ్లు నిండనివారికి యాసిడ్ అమ్మకూడదు. కొనేవారి గుర్తింపు కార్డు కూడా చూడాలి. కాబట్టి పిల్లల్ని దుకాణానికి పంపి తెప్పించొద్దు.

మళ్లీ రాకుండా

స్నానం కాగానే గోడలకు, నేలకు ఒకసారి వైపర్ లాగండి. నీళ్లు ఆరకముందే పోతే ఖనిజాలు మిగలవు. సబ్బును నీళ్లు కారిపోయే పెట్టెలో పెట్టండి. సబ్బు బదులు బాడీవాష్ వాడితే చాలావరకు ఈ పొర ఏర్పడదు. వారానికి ఒకసారి సిర్కా స్ప్రే కొడితే ఏడాదికోసారి యాసిడ్ పట్టే పనే ఉండదు.

సబ్బు పొర చూడటానికే కాదు, నడవడానికీ మంచిది కాదు. ఫజర్ వేళ చీకట్లో వుజూకు లేచే దాదీ, నానా కాలు జారేది ఈ జిగురు మీదే. రోజూ వైపర్ లాగే ఆ రెండు నిమిషాలు వాళ్ల కోసమైనా పెట్టండి.