దారి కొట్టినోళ్లు

పోస్టు కొంచెం పెద్దది, తీరిగ్గా చదవండి.

ఎమ్మిగనూరు హాస్టల్లో ఇంటర్ చదివే ఒక తమ్ముడు ఈ మధ్య ఫోన్‌లో వీడియో చూపించాడు. వికారాబాద్ దగ్గర అనంతగిరి అడవిలో హెల్మెట్లు పెట్టుకున్న పిల్లోళ్లు ఎర్రమట్టి దారి మీద సైకిళ్లేసుకుని దూసుకుపోతున్నారు. "అన్నా, ఇది డబ్బున్నోళ్ల ఆట కదా, మనకెందుకు?" అన్నాడు. ఆ సైకిల్ ధర విన్నాక నాకూ మాట రాలేదు. మా నాయన ఎకరా పత్తికి పెట్టే పెట్టుబడి కంటే ఎక్కువ. ఆ రోజు చెప్పలేని జవాబు ఇప్పుడు రాస్తున్నా.

ముందు ఆ ఆట యాడ పుట్టిందో చూద్దాం. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, మారిన్ కౌంటీ. అక్కడ టమాల్‌పయిస్ అనే కొండ ఉంది. ఆ కొండల మీద అడవి తగలబడితే మంటలార్పే బండ్లు పోవడానికి మట్టి రోడ్లు కొట్టారు. వాటిని ఫైర్ రోడ్లంటారు. 1970లలో కొందరు కుర్రోళ్లు పాత సామాన్ల కొట్లలో పడున్న ష్విన్ కంపెనీ లావు టైర్ల సైకిళ్లు బాగు చేసుకుని, ఆ రోడ్ల మీద పైనుంచి కిందికి వదిలేవాళ్లు. 1976 అక్టోబర్ 21న మొదటి పందెం పెట్టారు. దారి పొడవు మూడున్నర కిలోమీటర్లు, దిగుడు దాదాపు 400 మీటర్లు. ఆ రోజు పడకుండా చివరిదాకా వచ్చింది ఒక్కడే, అలన్ బాండ్స్. తర్వాత గ్యారీ ఫిషర్ అదే దారిని 4 నిమిషాల 22 సెకన్లలో దిగాడు. ఆ సైకిళ్లకు పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉండేది. ఒక్కసారి కొండ దిగితే అది కాలిపోయి, లోపలి గ్రీజంతా పొగై పోయేది. మళ్లీ విప్పి గ్రీజు నింపాలి. అందుకే ఆ పందానికి 'రీప్యాక్' అని పేరు. 1977లో జో బ్రీజ్ కొండలకని ప్రత్యేకంగా సైకిల్ తయారుచేశాడు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి ఇది మెడళ్లిచ్చే ఆట అయిపోయింది.

అంటే మొదలుపెట్టింది పాత సామాను సైకిళ్లతోనే. అది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా తాండా నుంచి ఆదోని బడికి పోయేటప్పుడు మా అన్న సైకిల్‌కు బ్రేకు రబ్బర్లు అరిగిపోయి ఉండేవి. ఇనుప క్యారియర్, ఇరవై రెండు ఇంచుల చక్రం, సీటు మీద కూచుంటే నాకు కాళ్లందవు. దిగుడులో ఎడమ కాలి చెప్పు వెనక చక్రానికి ఆనించి ఆపేవాళ్లం. నెలకో చెప్పు అరిగేది, అమ్మ తిట్టేది. మాదీ రీప్యాకే, గ్రీజుకు బదులు చెప్పు.

సరే, ఆ కొండ ఎవరిది? టమాల్‌పయిస్ అన్న పేరే అక్కడి ఆదివాసులు, కోస్ట్ మివోక్ వాళ్ల భాషలోంచి వచ్చింది. కాలిఫోర్నియా ఆదివాసులు తరతరాలుగా గడ్డికి, పొదలకు చిన్నచిన్న మంటలు పెట్టి అడవిని చూసుకునేవాళ్లు. ఎండుకంప పేరుకోదు, కొత్త గడ్డి వస్తుంది, జింకలొస్తాయి. 1850లో ఆ రాష్ట్రం ఇండియన్ల మీద చేసిన చట్టంలో గడ్డిమైదానాలకు నిప్పు పెడితే శిక్ష అని రాశారు. మంట పెట్టేవాళ్లను ఆపేశారు, ఎండుకంప పేరుకుంది, పెద్ద మంటలొచ్చాయి. అప్పుడు మంటలార్పడానికి రోడ్లు కావాల్సొచ్చాయి.

ఇక్కడి కథ దీనికి చానా దగ్గర. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం, పశువుల్ని మేపడం, అనుమతి లేకుండా అడుగుపెట్టడం నేరాల కింద చేరాయి. అంతవరకు అది బతుకు. మన ఆదోని వైపు రాళ్ల కొండలు, తుమ్మ కంప తప్ప పెద్ద అడవి లేదు. జిల్లా తూర్పు అంచున (ఇప్పుడది నంద్యాల జిల్లా) నల్లమల ఉంది, చెంచుల అడవి. అక్కడ మంట ఒక వైపు నుంచి ఇంకో వైపుకు దూకకుండా గడ్డీ కంపా నరికి, ఆకు ఊడ్చి బాటలాగా చేస్తారు. వాటిని ఫైర్ లైన్లంటారు, జీపు పోయేంత వెడల్పున్నవీ ఉన్నాయి. ఎండాకాలం ముందు ఆ లైన్లు శుభ్రం చేసేది, మంట కనపడితే పరిగెత్తేది ఎక్కువగా చెంచు కూలీలే, వాచర్లే. అయినా అడవి అంటుకుంటే మొదటి అనుమానం వాళ్ల మీదికే పోతుంది.

తెలుగులో 'దారి కొట్టడం' అనే మాటకు రెండర్థాలున్నాయి, గమనించారా? కంపా రాళ్లూ కొట్టి దారి చేయడం ఒకటి. దారిలో పోయేవాళ్లను దోచుకోవడం ఇంకోటి. మొదటి పని మనోళ్లు చేశారు, రెండోది మనోళ్ల పేరున రాశారు.

మన్యం సంగతే తీసుకోండి. అల్లూరి సీతారామరాజు పేరు అందరికీ తెలుసు. తిరుగుబాటుకు నిప్పురవ్వ ఒక రోడ్డు అని ఎంతమందికి తెలుసు? గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి కొండ మీదుగా చింతపల్లి వైపు రోడ్డు వేయించాడు. కొండ మనుషుల చేత బలవంతంగా పని చేయించి, కూలి సరిగ్గా ఇవ్వలేదు. గంటం దొర, మల్లు దొర లాంటివాళ్ల కోపం అక్కణ్ణుంచే రగిలింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి జరిగింది. 1924 మే 7న రాజును చంపేశారు. ఇప్పుడు చలికాలమొస్తే లంబసింగికి మంచు చూడ్డానికి జనం కార్లలో, బైకుల మీద పోతున్నారు. పోవద్దనట్లేదు, నేనూ పోయా. ఆ మలుపుల్లో రాళ్లెత్తింది ఎవరో చెప్పే బోర్డు మాత్రం నాకు కనపడలేదు.

ఇప్పుడు మన ఊరి దగ్గరికొద్దాం. ఇది రాయడానికే ఇంతసేపూ తిరిగొచ్చా.

ఆదోని కోట ఐదు కొండల మీద ఉంది. వాటిలో బారాఖిల్లా, తాలిబండ కింది నేల నుంచి 800 అడుగుల ఎత్తు. విజయనగరం రాజులు, బీజాపూరు తరఫున సిద్ది మసూద్ ఖాన్, మొగలులు, బసాలత్ జంగ్, 1786లో పట్టుకున్న టిప్పు, ఇట్లా చేతులు మారిన కోట. బళ్లో ఈ పేర్లన్నీ బట్టీ పట్టించారు. ఆ సైన్యాలకు తిండి ఎట్లా వచ్చేదో మాత్రం ఎవరూ చెప్పలేదు. దక్కనులో సైన్యం కదిలిందంటే వెనక సుగాలీల పెరికెడ్లు కదలాల్సిందే. మనోళ్లు దాన్ని లదేణి అంటారు. వేల ఎడ్లు, ఒక్కోదాని వీపు మీద రెండు వైపులా గోనెలు, ధాన్యమో ఉప్పో. 1799లో శ్రీరంగపట్నం మీదికి పోయిన ఇంగ్లీషు సైన్యం కూడా ఈ ఎడ్ల వెనకే తిన్నది. కోస్తా ఉప్పు నల్లమల దాటి రావాలంటే నందికనుమ, మంత్రాలకనుమ లాంటి కనుమల్లోంచే రావాలి. ఎడ్లు మేసుకుంటూ పోతాయి కాబట్టి రోజుకు ఆరేడు మైళ్ల కంటే నడవవు. బరువున్న ఎద్దు కొండను నిలువుగా ఎక్కదు. అడ్డంగా, మెలికలు తిరిగి, నీళ్లున్న చోటు చూసుకుంటూ ఎక్కుతుంది. సైకిల్ తొక్కినోడికి ఆ లెక్క వెంటనే అర్థమవుతుంది. నిలువు దారిలో పోతే తొడలు మండుతాయి, ఎద్దు దారిలో పోతే ఊపిరి నిలుస్తుంది.

1871లో మద్రాసు నుంచి ఆదోని మీదుగా రాయచూరుకు రైలు మార్గం పూర్తయింది. పత్తి, ధాన్యం రైలెక్కాయి. లదేణి చచ్చిపోయింది. అదే 1871లో నేరస్థ జాతుల చట్టం పుట్టింది, ముందు ఉత్తరాదిలో. 1911 తర్వాత మద్రాసు రాజ్యానికీ వచ్చింది. 1913లో ఎరుకల వాళ్లను స్టూవర్టుపురం సెటిల్మెంటులో పెట్టారు. ఊరు దాటాలంటే చీటీ, రోజూ హాజరు. తిరగడమే బతుకైన మనుషులకు తిరగడమే నేరమైంది. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న. మా తాతకు అప్పటికి పెళ్లీడు.

ఇంకో సంగతి చెప్పి ముగిస్తా. మారిన్ కుర్రోళ్ల కంటే ఎనభై ఏళ్ల ముందే కొండల్లో సైకిల్ తొక్కినోళ్లున్నారు. అమెరికా సైన్యంలో 25వ పదాతి దళం, నల్లజాతి సైనికులు. 1897 జూన్ 14న ఇరవై మంది మిసూలా నుంచి బయల్దేరి, రాకీ కొండలు దాటి, బురదలో సైకిళ్లు భుజాన మోసుకుని, జూలై 24న సెయింట్ లూయిస్ చేరారు. 1,900 మైళ్లు. వాళ్లలో మింగో శాండర్స్ అనే ఆయన ఉన్నాడు. 1906లో బ్రౌన్స్‌విల్‌లో జరిగిన కాల్పులను వాళ్ల దళం మీద మోపి, విచారణ లేకుండా 167 మందిని సైన్యం నుంచి తీసేశారు. శాండర్స్ కూడా అందులో పోయాడు. తప్పు లేదని సైన్యం ఒప్పుకున్నది 1972లో, అప్పటికి ఆయన లేడు. మౌంటెన్ బైక్ చరిత్ర అంటే రీప్యాక్‌తో మొదలుపెట్టేవాళ్లకు ఈ ఇరవై మంది గుర్తుండరు.

తమ్ముడూ, ధర సంగతి నువ్వన్నది నిజమే. గేర్ల సైకిల్ ఇప్పుడు మనం కొనలేం. కానీ దారికి టికెట్ లేదు. నల్లమల పులుల అడవిలోకి మాత్రం అనుమతి లేకుండా సైకిలేసుకుని పోవద్దు, కేసు పెడతారు, పులి సంగతి పక్కన పెట్టు. తాండాకు రోడ్డు లేనోళ్లు ఇంకోటి తెలుసుకోండి: 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) ప్రకారం గ్రామసభ సిఫారసు చేస్తే ఊరి రోడ్డుకు హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు, నరికే చెట్లు హెక్టారుకు 75 దాటకూడదు. ఆ తీర్మానం ఎట్లా రాయాలో ఎవరికైనా కావాలంటే నన్నడగండి.

ఆదివారం పొద్దున ఆరింటికి ఆదోనిలో రణమండల కొండ కింద కలుద్దాం. కొండల చుట్టూ మేకల దారి ఉంది, ఇనుప సైకిలైనా సరిపోతుంది. నీళ్లు తెచ్చుకోండి. బ్రేకు రబ్బర్లు ముందే చూసుకోండి, చెప్పులు అరగదీయొద్దు.